కవ్వాల్–తడోబా మధ్య పులి దారి: మొక్కల కంటే ముందు చేయాల్సిన పనులు

మీ ప్రశ్న ఇదీ: ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు నాలుగైదు ఊళ్ల యువకులు కలిసి, కవ్వాల్ పులుల అభయారణ్యాన్నీ మహారాష్ట్రలోని తడోబానూ కలిపే కారిడార్ కోసం పది వేల మొక్కలు నాటాలనుకుంటున్నారు. ఎంత వెడల్పున నాటాలి? ఏ చెట్లు నాటాలి? కారిడార్ అని పేరు పడితే ఊళ్లు ఖాళీ చేయిస్తారా?

మొక్కలు చివరి పని. అక్కడ అడవి ఇప్పటికే ఉంది, పులి ఇప్పటికే నడుస్తోంది. మీరు కొత్తగా దారి వేయనక్కర్లేదు, ఉన్న దారి తెగిపోకుండా చూడాలి. అది తెగేది నాలుగైదు ఇరుకుల దగ్గర. ఆ ఇరుకుల్లో జంతువును చంపేవాటినీ వెనక్కి తిప్పేవాటినీ తొలగిస్తే ముప్పాతిక వంతు పని అయిపోయినట్టే. మిగిలిన పావు వంతుకే మొక్కలు, గడ్డి, నీళ్లు.

ముందు ఆ దారి ఎలా ఉందో చూద్దాం. తడోబా–అంధారి మొత్తం 1,727 చదరపు కిలోమీటర్లు. అక్కడ పులులు నిండుగా ఉన్నాయి. రెండేళ్ల వయసుకు తల్లిని విడిచిన కుర్ర పులికి సొంత అడ్డా దొరకదు. దక్షిణానికి బయల్దేరి, చంద్రపూర్ జిల్లా అడవుల మీదుగా వార్ధానో ప్రాణహితనో దాటి సిర్పూర్, బెజ్జూర్, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంది. ఎండాకాలంలో నది ఇసుక మీద నడుస్తుంది, వానాకాలంలో ఈదుతుంది. నది పులికి పెద్ద అడ్డం కాదు. చిక్కంతా కాగజ్‌నగర్ దాటాకే. అక్కణ్నించి తిర్యాణి, ఆసిఫాబాద్ మీదుగా కవ్వాల్ చేరాలంటే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, మంచిర్యాల–చంద్రపూర్ జాతీయ రహదారి, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, వాటి మధ్య ఎడతెగని పత్తి చేలు దాటాలి. అందుకే పులులు కాగజ్‌నగర్ దాకా వచ్చి ఆగిపోతున్నాయి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ కోర్‌లోకి (నడి అడవిలోకి) అప్పుడప్పుడు వచ్చినా, అక్కడ నిలదొక్కుకోవడం అరుదు.

పులి ఎంత దూరమైనా నడవగలదు. 2019లో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యం నుంచి రేడియో కాలర్‌తో బయల్దేరిన ఒక కుర్ర మగపులి ఆదిలాబాద్ పొలాలు, అడవులు దాటుకుంటూ అయిదు నెలల్లో సుమారు 1,300 కిలోమీటర్లు తిరిగి బుల్ధానా జిల్లాలోని జ్ఞానగంగ చేరింది. కానీ ఆ నడక చూసి మోసపోకూడదు. అంత దూరం పోయేది మగపులి. ఆడపులి సాధారణంగా తల్లి అడ్డాకు దగ్గర్లోనే స్థిరపడుతుంది. ఆడపులి చేరని అడవిలో మగపులి నిలవదు. కాబట్టి దారి మధ్యలో ఆడపులి పిల్లల్ని పెంచుకోగల చోటు ఒకటైనా ఉండాలి, దాని పిల్లలు ముందుకు సాగాలి. కాగజ్‌నగర్ డివిజన్‌లో 'ఫాల్గుణ' అని పేరు పెట్టిన ఆడపులి పిల్లల్ని పెట్టింది అందుకే పెద్ద విషయం. కాగజ్‌నగర్‌ను ఉత్త దారిగా చూడకండి, అది మజిలీ. మజిలీ పాడైతే దారికి అర్థం ఉండదు.

ఇక పనుల్లోకి. మొదటిది పటం. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపో షీట్లు, అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ పటం, ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు (10 మీటర్ల స్పష్టత) తీసుకుని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి పరచండి. ఉపగ్రహ చిత్రం రెండు కాలాలకు కావాలి: నవంబరుది, ఏప్రిల్‌ది. నవంబరులో పత్తి నడుమెత్తు ఉంటుంది, జంతువుకు చాటు దొరుకుతుంది. ఏప్రిల్‌లో అదే చేను బోడి నేల. ఒక్క నవంబరు చిత్రమే చూసి 'ఇక్కడ అడ్డం లేదు' అనుకోవడం చాలామంది చేసే తప్పు. కంప్యూటర్‌లో దట్టమైన అడవికి తక్కువ, పొలానికి ఎక్కువ, రోడ్డుకు ఇంకా ఎక్కువ 'ఆటంకం' విలువ ఇచ్చి దారి గీయించే పద్ధతి ఉంది. పనికొస్తుంది గానీ, ఆ విలువలు మనం ఊహించి ఇచ్చినవే. గీత వచ్చింది కదా అని దాన్నే నమ్మి నిధులు ఖర్చు పెట్టవద్దు. నేల మీద నడిచి సరిచూసుకోండి.

నేల మీద సమాచారం ముందు పశువుల కాపర్ల దగ్గర దొరుకుతుంది, తర్వాత తునికాకు కోసేవాళ్ల దగ్గర, తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరేవాళ్ల దగ్గర. గోండు, కొలాం, నాయక్‌పోడ్ గూడేల్లో పెద్దలతో కూర్చుని ఒక్కో ఒర్రె (చిన్న వాగు) పేరు పట్టి అడగండి: ఏ నెలలో, ఏ వైపు నుంచి ఏ వైపుకు, ఏ జంతువు? 'పులి కనిపించిందా' అని అడిగితే అవుననో కాదనో అంటారు, అంతే. 'పోయిన ఏడాది ఎవరి పశువు ఎక్కడ పోయింది' అని అడిగితే చోటు, నెల, వైపు అన్నీ చెప్తారు. ఆ చోట్లన్నీ పటం మీద చుక్కలు పెట్టండి. రెండు మూడు డజన్ల చుక్కలు పడేసరికి దారి దానంతటదే కనిపిస్తుంది. చాలావరకు అది వాగుల వెంటే ఉంటుంది.

ఆ తర్వాత కెమెరాలు. అడవిలో పెట్టడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. అటవీ శాఖ సిబ్బందితో కలిసే పెట్టండి. దారికి రెండు వైపులా ఎదురెదురుగా జంటగా పెట్టాలి. పులి కుడి వైపు చారలు, ఎడమ వైపు చారలు వేర్వేరుగా ఉంటాయి, ఒక వైపు ఫొటోతో గుర్తింపు సగమే అవుతుంది. కెమెరా నేల నుంచి 45–50 సెంటీమీటర్ల ఎత్తులో, కాలిబాట నడి గీత నుంచి మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. సూర్యుడి వైపు తిప్పితే ఎండ వేడికే ట్రిగ్గర్ అయి వందల ఖాళీ ఫొటోలతో బ్యాటరీ అయిపోతుంది. ఎదుట గడ్డి కోయకపోయినా అంతే. ఇనుప పెట్టె, గొలుసు, తాళం లేకపోతే కెమెరా మిగలదు. కనీసం 25–30 రోజులు కదపకుండా ఉంచండి. కెమెరాలు చాలకపోతే బాట మీద మూడు నాలుగు మీటర్ల పొడవున మెత్తటి దుమ్ము ఒక అంగుళం మందం పరచి, రోజూ పొద్దున్నే పాదముద్రలు చూసి చెరిపేయండి. ఖర్చు లేని పద్ధతి, బాగా పనిచేస్తుంది.

ఇరుకులు తేలాయి. ఇప్పుడు అసలు పని.

ఈ దారిలో పులికి అన్నిటికంటే పెద్ద ముప్పు కరెంటు తీగ. అడవి పందుల కోసం పత్తి, మక్క, జొన్న చేల చుట్టూ మోకాలెత్తున జీఐ (ఇనుప) తీగ కట్టి, రాత్రి పూట లైను మీద కొక్కెం వేస్తారు. పందికి పెట్టిన తీగకు పులి, ఎలుగు, దుప్పి, ఒక్కోసారి పక్క చేను రైతూ బలవుతారు. 'ఫ్యూజు పోవాలి కదా' అని అడుగుతుంటారు. పోదు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పదుల ఆంపియర్లకు గానీ పోదు, జంతువు ఒంట్లోంచి భూమిలోకి పారే కరెంటు దానికి చాలా తక్కువ. కాబట్టి తీగలో తెల్లారేదాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. చేయాల్సింది రెండు వైపుల నుంచీ. ఇరుకు మీదుగా పోయే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్లు ఎంత పొడవున్నాయో కొలిచి, అక్కడివరకైనా కొక్కెం వేయడానికి వీల్లేని ఇన్సులేటెడ్ కేబుల్ వేయమని విద్యుత్ శాఖకు అటవీ శాఖ ద్వారా అర్జీ పెట్టించండి. మండలమంతా అడిగితే ఎవరూ చేయరు, 'ఈ రెండు కిలోమీటర్లు' అని స్తంభాల నంబర్లతో అడిగితే జరిగే అవకాశం ఉంది. రెండోది, పంట చేతికొచ్చే సెప్టెంబరు–జనవరి నెలల్లో అటవీ, విద్యుత్ సిబ్బంది కలిసి రాత్రి గస్తీ తిరగడం.

అయితే రైతుకు పందుల బాధ నిజం. తీగ తీయించి చేను వదిలేస్తే మళ్లీ కడతాడు, కట్టక ఏం చేస్తాడు? బదులుగా సోలార్ కంచె ఇవ్వండి. దాని యంత్రం సుమారు సెకనుకొకసారి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని దెబ్బ కొడుతుంది. బెదురుతుంది గానీ చావదు. పందికి అన్నిటికంటే కింది తీగ నేల నుంచి 15–20 సెంటీమీటర్లు, రెండోది 45, మూడోది 75 దగ్గర ఉండాలి. తీగలో కనీసం 4,000 వోల్టులు ఉండాలి. పాడయ్యే కారణాలు రెండే. ఎర్తింగ్ సరిగా లేకపోవడం ఒకటి: మూడు కడ్డీలు, ఒక్కొక్కటి మీటరున్నర లోతు, మధ్య మూడు మీటర్ల ఎడం, ఎండాకాలం నీళ్లు పోయాలి. రెండోది కలుపు: వానాకాలంలో గడ్డి కింది తీగను తాకితే వోల్టేజీ కారిపోతుంది, వారానికోసారి కోయాలి. పంచిపెట్టిన కంచెలు ఏడాది తిరక్కుండా మూలపడేది ఈ కోత చేసే బాధ్యత ఎవరిదో తేల్చకపోవడం వల్లే. ఇంకొక జాగ్రత్త: చేలన్నీ కలిపి ఒకే పొడవాటి కంచె కట్టవద్దు. అది దారినే మూసేస్తుంది. అయిదారు చేలకొక ముక్కగా కట్టి, వాగు వెంట 60–100 మీటర్ల సందు వదలండి.

బైకు క్లచ్ వైరు ఉచ్చులు వేరే బెడద. నెలకు రెండుసార్లు, పదిమంది అయిదేసి మీటర్ల ఎడంతో వరుసగా అడవి–చేను అంచు వెంట నడిస్తే దొరుకుతాయి. అడవి లోపల వెతకడం కంటే అంచునే వెతకండి. చుట్టుగోడ లేని వ్యవసాయ బావులు కూడా ఇరుకుల్లో ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. మూడున్నర అడుగుల గోడ చాలు. పది వేల మొక్కల ఖర్చులో ఎన్ని బావులకు గోడ కట్టొచ్చో ఒకసారి లెక్క వేసి చూడండి.

తర్వాతి ముప్పు విషం. పులి పశువును చంపి కొంత తిని, మర్నాడు రాత్రి మళ్లీ వస్తుంది. కడుపు మండిన యజమాని ఈలోగా కళేబరంలో మందు పెడతాడు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయినప్పుడు అనుమానం ఇలాంటి విషం మీదికే పోయింది. దీనికి విరుగుడు వేగం. పశువు పోయిందని తెలిసిన రోజే బీటు అధికారి, పశువైద్యుడు వచ్చి పంచనామా చేయాలి, ఫొటోలు తీయాలి, తక్షణ సాయం కొంతైనా చేతిలో పెట్టాలి. ప్రభుత్వ పరిహారం తర్వాత వస్తుంది, ఆ మధ్య కాలమే ప్రమాదం. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థలు ఇలా మధ్యంతర సాయం ఇస్తున్నాయి. మీ నిధిలో పెద్ద భాగం దీనికే పెట్టమని నా గట్టి సలహా. కళేబరాన్ని అక్కడి నుంచి తీయకండి, పూడ్చకండి. తీసేస్తే పులి మర్నాడు ఇంకో పశువును కొడుతుంది. కళేబరం దగ్గర కెమెరా పెట్టి, ఎవరూ మందు పెట్టకుండా కాపలా ఉంచండి.

మనుషుల ప్రాణం మాట చెప్పకుండా పులి దారి గురించి మాట్లాడటం అన్యాయం. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేను పనికి వెళ్లిన మహిళను పులి చంపింది. పత్తి ఏరేటప్పుడు మనిషి వంగి ఉంటుంది, నడుమెత్తు చేలో పులికి మనిషిలా కనిపించదు. కదలిక ఉన్న రోజుల్లో అయిదుగురికి తక్కువ కాకుండా, మాట్లాడుకుంటూ, పొద్దు బాగా ఎక్కాక మొదలుపెట్టి నాలుగింటికల్లా చేను విడవాలి. ఈ కబురు ఏ గూడేనికి ఎవరు ఫోన్ చేసి చెప్తారో ముందే పేర్లతో రాసి పెట్టుకోండి. ఊరివాళ్లకు ఈ భద్రత లేకపోతే కారిడార్‌కు మద్దతు అడిగే హక్కు మనకు లేదు.

రోడ్డు, రైలు మీ చేతిలో లేని పనులు. అయినా విస్తరణ జరిగే సమయంలో సరైన చోటు పేరు చెప్పగలిగితే అదే పెద్ద సాయం. కట్టాక మార్చడం దాదాపు అసాధ్యం. మంచి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది: మహారాష్ట్ర–మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ పులుల అభయారణ్యం మీదుగా పోయే ఎన్‌హెచ్-44 మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం 9 నిర్మాణాలు కట్టారు, వెడల్పు 50 నుంచి 750 మీటర్ల దాకా. 2019లో భారత వన్యప్రాణి సంస్థ కెమెరాలు పెట్టి చూస్తే 18 జాతుల అడవి జంతువులు, 11 వేర్వేరు పులులు వాటి కింద నుంచి దాటాయి. కొన్ని చోట్ల వాన నీటి తూమునే 'యానిమల్ అండర్‌పాస్' అని చూపిస్తారు. అది ఎందుకు చాలదో ఒక చిన్న లెక్క చెప్తుంది: వెడల్పును ఎత్తుతో గుణించి, రోడ్డు కింద దాటాల్సిన పొడవుతో భాగించండి. 30 మీటర్ల రోడ్డు కింద 2 మీటర్ల చదరపు తూముకు 0.13 వస్తుంది, అటు చివర వెలుతురు కనిపించని బొరియ. 50 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు ఉన్నదానికి 8.3. దుప్పి, సాంబార్ వంటివి అటువైపు అడవి కనిపిస్తే తప్ప అడుగు పెట్టవు. అడుగున కాంక్రీటు కాక సహజ నేల ఉండాలి. నీరు నిలవకూడదు. రోడ్డుకిరువైపులా జంతువును కిందికి మళ్లించే కంచె, పైన వాహనాల వెలుగు, చప్పుడు ఆపే అడ్డుగోడ కావాలి. దగ్గర్లో దాబా, వీధి దీపం, చెత్తకుప్ప ఉండకూడదు. ఇవన్నీ ఉన్నా, ఊరి మందలు రోజంతా దానికిందే పడుకుంటే అడవి జంతువు రాదు. పశువులకు వేరే దారి చూపాలి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, ఖాళీ చేయిస్తారా అన్నది. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో రక్షిత ప్రాంతాల్ని కలిపే దారుల ప్రస్తావన రెండు చోట్ల ముఖ్యం. 38ఓ(1)(జి) సెక్షన్ ప్రకారం పులుల అభయారణ్యాల్నీ, రక్షిత ప్రాంతాల్ని కలిపే భూముల్నీ, ప్రజాప్రయోజనం ఉండి జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా ఉంటే తప్ప, పర్యావరణానికి చేటు చేసే అవసరాలకు మళ్లించకూడదు. ఇది గనులు, రహదారుల వంటి వాటికి పగ్గం వేసే సెక్షన్, రైతు మీదికి వచ్చేది కాదు. రెండోది 36ఏ: ప్రభుత్వ భూమిని, స్థానికులతో సంప్రదించాక, కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించవచ్చు. అందులో నిప్పు పెట్టడం, పేలుడు పదార్థాలు, హానికర రసాయనాల వాడకం వంటివాటి మీద ఆంక్షలుంటాయి. ఆ ప్రకటన ఒక్కటే ఊరిని లేపే అధికారం ఇవ్వదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన హక్కులు ఉంటాయి, ఏజెన్సీలో పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) కింద గ్రామసభ మాట ఉంటుంది.

అయినా 2025లో ఏం జరిగిందో తెలుసు. మే 30న జీవో 49తో ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1.49 లక్షల హెక్టార్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించారు. ఆదివాసీ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, జులైలో ప్రభుత్వం దాన్ని నిలుపుదల చేసింది. నా అభిప్రాయంలో ఇక్కడ తలకిందులైంది వరుస. ముందు హద్దు గీసి తర్వాత గూడేనికి వివరించబోతే, వివరణ ఎంత నిజమైనా ఎవరూ నమ్మరు. తరతరాలుగా అడవి పేరు మీద నష్టపోయినవాళ్లు నమ్మకపోవడంలో తప్పు లేదు. ఇంకో వరుస ఉంది. ముందు గ్రామసభ ద్వారా సామూహిక అటవీ వనరుల హక్కుకు దరఖాస్తు చేయించండి. అటవీ హక్కుల చట్టంలోని 3(1)(ఐ) సెక్షన్ గ్రామసభకు తన అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఇస్తుంది. హక్కు చేతికొచ్చాక, ఏ ఒర్రె వెంట పశువుల్ని ఏ నెలల్లో మేపకూడదు, ఎక్కడ నిప్పు పెట్టకూడదు అన్నది గ్రామసభే తీర్మానం రాసుకుంటుంది. గూడెం పెద్ద అయిన పటేల్ ముందు, గోండీలోనో కొలామీలోనో చదివి వినిపించి, పుస్తకంలోకి ఎక్కించిన తీర్మానం జీవో కంటే గట్టిగా నిలుస్తుంది.

'భూమి కొనేస్తే పోలా' అనే సలహా మీకు వచ్చే ఉంటుంది. కేరళ వయనాడ్‌లో తిరునెల్లి–కుద్రకోట్ ఏనుగుల దారి కోసం వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా భూములు కొని, నాలుగు చిన్న ఊళ్ల కుటుంబాలకు వేరే చోట ఇళ్లు కట్టించి, వాళ్ల ఇష్టంతో తరలించి, భూమిని అటవీ శాఖకు అప్పగించింది. బాగా జరిగిన పని. కానీ మీ దగ్గర అది నడవదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు, సంస్థలకు భూమి బదిలీ చెల్లదు. చెల్లకూడదు కూడా. ఇక్కడ కుదిరేది ఒప్పందం: వాగు ఒడ్డున 20 మీటర్లు సాగు మానినందుకు ఏటా ఎకరానికి ఇంత అని, పంట దిగుబడి లెక్క కట్టి, రాసుకుని, సమయానికి చెల్లించడం. ఒక్క ఏడాది చెల్లింపు తప్పితే ఆ భూమి మళ్లీ దున్నుతారు. అయిదేళ్ల డబ్బు చేతిలో లేకుండా ఈ ఒప్పందం మొదలుపెట్టకండి.

అడవి లోపల చేయాల్సిన పనుల్లో కలుపు మొదటిది. లాంటానా కంప దట్టంగా అల్లుకున్న చోట గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే దుప్పి ఉండదు, దుప్పి లేకపోతే పులి పశువుల మీద పడుతుంది. కొడవలితో కోస్తే రెట్టింపు చిగురిస్తుంది. వేరును నేలకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల కింద నరికి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. వానలు పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, కాయ పండకముందే చేయాలి. పిట్టలు వాలే చెట్ల కింద విత్తనాలు రాలి మళ్లీ మొలుస్తాయి. రెండు మూడేళ్లు ఆ చెట్ల కింద పీకుతూ ఉండకపోతే మొదటి ఏడాది కూలి వృథా.

ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు. ఇప్పపువ్వు తేలిగ్గా ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, తునికి చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చడం, వల పరచడం అలవాటు చేస్తే పువ్వు శుభ్రంగా ఉండి ధర కూడా ఎక్కువ వస్తుంది. ఫిబ్రవరి లోపు నాలుగైదు మీటర్ల వెడల్పున అగ్ని రేఖలు గీయాలి. నీటి గుంటలు మూడు నాలుగు కిలోమీటర్లకొకటి చాలు. ఊరికి కిలోమీటరు లోపల, రోడ్డు పక్కన మాత్రం వద్దు. దాటిపోవాల్సిన జంతువును ఊరి పక్కన ఆపినట్టవుతుంది.

ఇక మొక్కలు. మీ పది వేల మొక్కలకు లెక్క ఇదీ: మూడు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 450, అంటే మొత్తం 22 ఎకరాలు. వాగుకు రెండు వైపులా 40 మీటర్ల చొప్పున నాటితే సుమారు 1.1 కిలోమీటర్ల పొడవు వస్తుంది. నూరు కిలోమీటర్లు దాటిన దారిలో ఇది ఒక్క ఇరుకుకు సరిపోతుంది. ఒక్క ఇరుకుకే పెట్టండి, పలచగా చల్లకండి. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో డోనాగీస్ కారిడార్ అనే ప్రసిద్ధ ప్రయత్నం ఇంచుమించు ఇంతే: 1.2 కిలోమీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 1995–98 మధ్య 16,000కు పైగా మొక్కలు, పశువులు రాకుండా కంచె. అది వానలు బాగా పడే చోటు, చిన్న జంతువుల కోసం చేసిన పని. మనది ఎండు టేకు అడవి, పెరుగుదల నెమ్మది.

నాటేముందు నేల చూడండి. పోడు వదిలేసిన చోట ఎకరానికి నూటయాభై, రెండు వందల సజీవ మోళ్లు కనిపిస్తే అక్కడ నాటడం దండగ. ఒక్కో మోడుకు బలమైన ఒకటి రెండు చిగుళ్లు ఉంచి మిగతావి కోసి, మూడేళ్లు మేత, నిప్పు ఆపితే అడవి తనంతట లేస్తుంది, నాటినదానికంటే గట్టిగా. మోళ్లు లేని చోటే గుంతలు తీయండి. ఏప్రిల్–మే నెలల్లో ఒకటిన్నర అడుగుల ఘనం తీసి ఎండనివ్వాలి. రెండో మంచి వాన పడ్డాక, జులై మధ్య లోపు నాటాలి. ఆగస్టులో నాటిన మొక్క వేరు దిగకముందే వానలు తగ్గిపోతాయి. మొక్క ఏడాది వయసు, రెండు మూడు అడుగుల ఎత్తు ఉండాలి. సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే నర్సరీకి తిప్పి పంపండి, మూడో ఏట అవే గాలికి పడతాయి.

వాగు ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ. ఎత్తు నేలలో నల్లమద్ది, మొర్రి, ఉసిరి, తాని, కరక్కాయ, మోదుగ, వెదురు. మర్రి, రావి, జువ్వి కొమ్మలు మీటరున్నర, రెండు మీటర్ల ముక్కలుగా జూన్‌లో పాతితే చాలు. ఇప్పకు తల్లివేరు లోతుగా పోతుంది, సంచిలో పెంచితే బాగా రాదు. కొత్త విత్తనాన్ని కొద్ది వారాల్లోపే నేరుగా గుంతలో వేయండి, నిల్వ ఉంచితే మొలకెత్తదు. ఒకటి గుర్తుంచుకోండి: ఊరి బాట పక్కన ఇప్ప, రేగు నాటవద్దు. వాటికోసం ఎలుగుబంటి వస్తుంది, చీకట్లో మనిషికి ఎదురవుతుంది. నీలగిరి, సుబాబుల్, కోనోకార్పస్ ఊసే వద్దు. కాగితం మిల్లు ఊరు పక్కన నీలగిరి తోటలు మీరు చూస్తూనే ఉన్నారు, వాటికింద దుప్పి మేసేది ఏముంది?

పని జరిగిందో లేదో తేల్చేది బతికిన మొక్కల లెక్క కాదు. నదికి దగ్గర్లోని కెమెరాలో పడ్డ పులి చారలు, రైలు మార్గానికి ఇవతల తిర్యాణి వైపు కెమెరాలో పడ్డ చారలతో కలిస్తే ఆ ఇరుకు తెరుచుకున్నట్టు. అది ఆడపులి అయితే ఇంకా మంచిది. దానికి ముందే దుప్పి, సాంబార్, కొండగొర్రె అటూ ఇటూ దాటడం మొదలవుతుంది, ఏటా అదే నెలల్లో, అవే చోట్ల కెమెరాలు పెట్టి పోల్చండి.

కెమెరాలో పులి పడిన రోజు మీ కుర్రాళ్లు ఆ ఫొటోను వాట్సాప్‌లో పెట్టాలనుకుంటారు. చోటు పేరుతో అది ఒక్క గ్రూపులో పడితే చాలు, ఉచ్చులవాడికీ చేరుతుంది. కెమెరా మెమరీ కార్డు నేరుగా బీటు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరికి చెప్పాల్సింది ఏ వైపు చేలలోకి ఎన్ని రోజులు ఒంటరిగా పోకూడదన్నది మాత్రమే. అది మాత్రం అదే గంటలో, ప్రతి గూడేనికీ చేరాలి.